కోల్ మాథ్యూస్ ఎప్పుడు మారాడు?

బెన్ మికెల్సన్ రాసిన ‘టచింగ్ స్పిరిట్ బేర్’ నవల 2001లో వచ్చింది. చదివినవాళ్లని, అందులో కోల్ మాథ్యూస్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఎందుకు మారాడని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఎలుగుబంటి చావగొట్టింది, దాంతో బుద్ధొచ్చింది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పిల్లల దగ్గర ఈ జవాబు చెల్లదు. ఉద్దానంలో ఎలుగు అంటే పుస్తకంలో బొమ్మ కాదు. జీడిపిక్కలు ఏరడానికి తెల్లారగట్ల తోటలోకి వెళ్లినవాళ్లకి ఎదురయ్యేది, పనసపళ్లు పండే రోజుల్లో పెరటి దాకా వచ్చేది. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, ఆ వెంటనే మరికొందరు గాయపడ్డారు. అటవీశాఖ వాళ్లు మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. అలాంటి చోట పదో తరగతి పిల్లలకి ఈ కథ చెబుతుంటే ఒకడు లేచి అడిగాడు: “ఎలుగు కొడితే మనిషి మంచోడైపోతాడేటి మేస్టారూ? మా పెదనాన్నకి కన్ను పోయింది. కోపం ముందుకంటే పెరిగింది గానీ తగ్గలేదు.”

కుర్రాడి ప్రశ్న న్యాయమైనది. ఇంకా విశేషం ఏమిటంటే, నవల కూడా వాడి పక్షానే ఉంది. ఎలుగు దెబ్బతో కథ తేలిపోయేదైతే పుస్తకం సగానికి ముందే అయిపోవాలి. దాడి తర్వాత ఇంకా బోలెడు కథ ఉంది. కోల్‌లో మార్పు అని మనం ఒక్కమాటలో అనేస్తున్నది నిజానికి మూడు వేర్వేరు సంగతులు. ఒకటి ఓటమి, రెండోది అలవాటు, మూడోది బాధ్యత. మొదటిది ఎలుగు ఇచ్చింది. రెండోది ఇద్దరు పెద్దవాళ్లు నేర్పారు. మూడోది అతని చేతిలో దెబ్బలు తిన్న పిల్లవాడు వచ్చేదాకా రాలేదు.

ముందు కథ క్లుప్తంగా. కోల్‌ది అమెరికాలో మినియాపొలిస్. ఒక హార్డ్‌వేర్ షాపులో దొంగతనం చేసి, ఆ సంగతి స్కూల్లో గొప్పగా చెప్పుకుంటాడు. పీటర్ డ్రిస్కల్ అనే తోటి పిల్లవాడు పోలీసులకి చెబుతాడు. కోల్ అతన్ని పట్టుకుని తల సిమెంటు బాటకేసి కొడతాడు. పీటర్ మెదడు దెబ్బతింటుంది, మాట తడబడుతుంది, నడక తప్పుతుంది. కోల్ ఇంట్లో తండ్రి బెల్టుతో బాదే మనిషి, తల్లి తాగుడులో మునిగి ఏమీ పట్టనట్టు ఉండే మనిషి. జైలు తప్పించుకోవడానికి కోల్ ‘సర్కిల్ జస్టిస్’ అనే పద్ధతికి ఒప్పుకుంటాడు. నేరస్థుడు, బాధితుడి కుటుంబం, లాయర్లు, ఊరివాళ్లు అందరూ వలయంగా కూర్చుని, ఒక ఈకను చేతులు మార్చుకుంటూ, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడే సభ అది. అలాస్కా ఆగ్నేయ తీరంలో ఒక నిర్మానుష్య ద్వీపంలో ఏడాదిపాటు ఒంటరిగా ఉండాలని అక్కడ తేలుతుంది. అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ తెగకు చెందిన ప్రొబేషన్ అధికారి (నేరం చేసిన పిల్లల మీద నిఘా ఉంచే అధికారి) గార్వీ, అదే తెగ పెద్ద ఎడ్విన్ అతన్ని పడవలో దింపి వెళతారు.

ఇక్కడ గమనించవలసింది, కోల్ ఆ వలయంలో కూర్చున్నప్పుడు నటిస్తున్నాడు. పశ్చాత్తాపం ఉన్నట్టు ముఖం పెడతాడు, అడిగిన మాటకి అడిగిన జవాబు ఇస్తాడు. అతని లోపలి లెక్క వేరు. ఎవరు తనకి భయపడుతున్నారు, ఎవరిని ఎలా బోల్తా కొట్టించొచ్చు, అంతే. తండ్రి దగ్గర నేర్చిన పాఠం అదొక్కటే కదా: ఇంట్లో భయపెట్టేవాడు, భయపడేవాడు అని రెండే స్థానాలు. మూడో స్థానం ఉంటుందని వాడికి ఎవరూ చూపలేదు. కోల్ కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ లెక్క పట్టుకోవాలి. వాడు ఊరికే కోపిష్టి కాదు. పైచేయి జారిపోతుందేమోనన్న బెదురులో బతుకుతున్నవాడు.

ద్వీపంలో దిగిన రోజే, వాళ్లు కట్టి ఇచ్చిన గుడిసెను, తిండి సామాన్లతో సహా, తగలబెడతాడు. తర్వాత ఈదుకుంటూ పారిపోదామని చూస్తాడు. పోటు అతన్ని వెనక్కి తెచ్చి ఒడ్డున పడేస్తుంది. సముద్రాన్ని భయపెట్టలేం అన్న సంగతి మన బారువ, భావనపాడు తీరంలో నడక నేర్చిన పిల్లకి కూడా తెలుసు. కోల్‌కి తెలియదు. అప్పుడు తెల్లటి ఎలుగుబంటి కనిపిస్తుంది. చంపాలనుకుంటాడు, ఎందుకంటే అది తనని చూసి పారిపోలేదు. ఈటె పట్టుకుని మీదికి వెళతాడు. ఎలుగు చెయ్యి విరిచి, పక్కటెముకలు నలిపి, ఒళ్లు చీల్చి వెళ్లిపోతుంది.

ఈ చోట రచయిత చేసిన పని నాకు బాగా నచ్చింది. ఎలుగుని శత్రువుగా గానీ, దేవుడి దూతగా గానీ చూపించలేదు. అది తనమీదికి వచ్చినదాన్ని కొట్టింది, అంతే. మికెల్సన్ మొంటానాలో ఒక నల్ల ఎలుగుని ఏళ్ల తరబడి ఇంట్లో మనిషిలా పెంచాడు. ఆ ఎలుగు బరువు, వాసన, ఊపిరి, నాలుక గరుకు ఎలా ఉంటాయో చేత్తో ముట్టుకుని తెలుసుకున్నవాడు కాబట్టి ఆ పేజీలు అంత బాగా వచ్చాయి. (మన ఎలుగు వేరే జాతి. చెదలు, చీమలు, పళ్లు తినే నల్ల జంతువు, హఠాత్తుగా మనిషి ఎదురైతే బెదిరి మీదపడుతుంది. నవల్లోది అమెరికా నల్ల ఎలుగులోనే జన్యువుల వల్ల అరుదుగా తెల్లగా పుట్టేది, ముఖ్యంగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో ఉండేది.)

ఒళ్లు విరిగి వానలో నేలమీద పడి ఉన్న కోల్ గురించిన అధ్యాయాలు చదవడం కష్టం. గడ్డి తింటాడు, పురుగులు తింటాడు, చేతికి చిక్కిన ఎలుకను తింటాడు, కక్కుకున్నది మళ్లీ తింటాడు. ఇదంతా జుగుప్స కోసం రాసింది కాదు. అంతవరకూ లోకాన్ని పైనుంచి చూసిన కుర్రాడు ఇప్పుడు నేలమట్టం నుంచి చూస్తున్నాడు. పిడుగు పడి పక్కనున్న చెట్టు కూలుతుంది. దాంతోపాటు పిచ్చుక గూడు. పిల్లలు చచ్చిపోయి ఉంటాయి, తల్లి పిచ్చుక ఎగురుతూ ఉంటుంది. కోల్ మనసులోకి మొదటిసారి ‘అవి ఎలా ఉన్నాయో’ అనే ఆలోచన వస్తుంది. తన నొప్పి కానిదాని గురించి, తనకి ఏ లాభమూ లేకుండా. నవలలో మొదటి కదలిక నాకు ఇక్కడే కనిపిస్తుంది, ఎలుగు పంజా దగ్గర కాదు.

ఎలుగు తిరిగి వస్తుంది. కోల్‌లో మిగిలిన తెగువ అంతా ఒక ఉమ్మి. ముఖాన ఉమ్మితే ఎలుగు ఆ ఉమ్మిని నాకి ఊరుకుంటుంది. వాడి లెక్కలో ఉమ్మితే కొట్టాలి, లేదా భయపడి పోవాలి. ఎలుగు రెండూ చెయ్యలేదు. ఆ మూడో స్థానం కోల్ చూడడం అదే తొలిసారి. తర్వాత మరోసారి అది దగ్గరికి వచ్చినప్పుడు బాగున్న చెయ్యి చాచి దాని బొచ్చు తాకుతాడు.

ఇంత జరిగాక కూడా కోల్ మారాడని అనడానికి నేను ఒప్పుకోను. ఓడిపోయినవాడు మెత్తబడతాడు, అది సహజం. ఒళ్లు బాగయ్యాక ఆ మెత్తదనం ఎంతవరకు ఉంటుందన్నదే అసలు ప్రశ్న. తాగుడు మానేస్తానని ఆసుపత్రి మంచం మీద ఒట్టు పెట్టుకున్న మనుషుల్ని మనం అందరం చూశాం. మికెల్సన్‌కి ఈ తేడా తెలుసు. అందుకే ద్వీపం నుంచి ప్రాణాలతో బయటపడిన కోల్‌తో ఒక చిన్న పని చేయిస్తాడు. తెల్ల ఎలుగుని చూశానంటే అక్కడివాళ్లు నమ్మరు, ఆ చుట్టుపక్కల అవి ఉండవు. కోల్ దగ్గర దాని వెంట్రుకలు గుప్పెడు ఉన్నాయి. చూపిస్తే అందరి నోళ్లూ మూతపడతాయి. చూపించకుండా నీళ్లలో పారేస్తాడు. ఇకమీద తన మాటే సాక్ష్యంగా నిలబడాలి అని. ఇంతకాలం అబద్ధంతో గెలిచినవాడు చేతిలో ఉన్న రుజువును వదులుకోవడం, పుస్తకంలో అతను తనంతట తానుగా, ఎవరూ చూడకుండా చేసిన మొదటి మంచి పని. చాలామంది పాఠకులు ఈ వాక్యాల మీదుగా జారిపోతారు.

ఆసుపత్రిలో నెలల తరబడి ఉంటాడు. ఈ భాగాన్ని రచయిత గబగబా దాటించాడు, నేనూ దాటిస్తాను, ఒక్క సంగతి తప్ప. కోల్ తల్లి నోరు తెరిచి, ఇంట్లో భర్త కొడుకుని ఎలా కొట్టాడో, తాను ఎలా ఊరుకుందో వలయం ముందు చెబుతుంది. తండ్రి మీద కేసు నడుస్తుంది. కుర్రాడి లెక్కలో ‘భయపడేవాళ్లు’ గడిలో ఎప్పుడూ ఉండే మనిషి మొదటిసారి ఆ గడి దాటింది. ఎలుగు ఇవ్వలేని పాఠం అది.

రెండోసారి ద్వీపానికి పంపడం మీద అందరికీ అనుమానమే. కోల్ తన సామానంతా అమ్మి ఖర్చుకి డబ్బు కడతాడు. ఈసారి గుడిసె తనే కట్టుకోవాలి. మొదటి యాత్రలో అన్నీ సిద్ధంగా ఇచ్చారు, తగలబెట్టాడు. రెండోసారి ఒక్కో మేకూ తన చేత్తో కొట్టినది కాబట్టి తగలబెట్టాలన్న ఊహే రాదు.

ఎడ్విన్ పాఠాలు రోజువారీ పనులు. పొద్దున్నే గడ్డకట్టే చలినీళ్ల మడుగులో మెడ దాకా మునిగి కూర్చోవాలి. తర్వాత ఒక బండరాయిని గుట్ట మీదికి మోసుకెళ్లాలి. పూర్వీకుల బరువు, వాళ్ల నుంచి తనకి వచ్చినది మోస్తున్నట్టు తలచుకుని మొయ్యాలి. పైకి వెళ్లాక ఆ రాయి తన కోపం అనుకుని కిందికి దొర్లించెయ్యాలి. మర్నాడు ఏం చెయ్యాలి? మళ్లీ కిందికి దిగి అదే రాయి ఎత్తుకోవాలి. మా క్లాసులో దీనిమీదే పెద్ద తగువైంది. “దొల్లించేశాక మళ్లీ ఎందుకు మొయ్యాలి? పోయింది కదా!” అని ఒకామ్మాయి. “పోదు, అందుకే” అని ఇంకొకడు. నవల రెండోవాడి వైపు.

దీనికి జోడీగా ఎడ్విన్ చూపించే కర్ర ఒకటుంది. ఎడమ చివర కోపం, కుడి చివర సంతోషం. కోపపు చివర విరిచెయ్యమంటాడు. కోల్ విరుస్తాడు. మిగిలిన ముక్కకి మళ్లీ ఎడమ చివర ఉంటుంది. మళ్లీ విరుస్తాడు, మళ్లీ ఉంటుంది. ఎంత చిన్నదైనా కర్రకి రెండు చివరలు తప్పవు. కాబట్టి కోపం లేకుండా చెయ్యడం అనే పని ఎవరివల్లా కాదు, ఏ చివర వైపు చూస్తూ రోజు మొదలుపెడతావన్నదే నీ చేతిలో ఉంది. కుర్రాళ్ల కథల్లో సాధారణంగా చివరికి కోపం ‘పోతుంది’. ఈ పుస్తకంలో పోదు. కోల్‌కి చివరి పేజీల్లో కూడా రక్తం మరుగుతుంది. మరిగినప్పుడు ఏం చెయ్యాలో చేతులకి, కాళ్లకి తెలిసి ఉంటుంది, అంతే తేడా. అలవాటు అన్నది ఇదే. దీన్ని గొప్ప జ్ఞానోదయంగా చూపించకుండా చలినీళ్లు, బరువు, నడకగా చూపించడమే నవల బలం అని నా అభిప్రాయం.

హాట్‌డాగ్ సంగతి కూడా చెప్పాలి, పిల్లలకి బాగా నచ్చేది అదే. గార్వీ ఒక సాసేజ్ ఇచ్చి వండుకు తినమంటాడు. కోల్ కాల్చి నాలుగు గుటకల్లో మింగేస్తాడు. గార్వీ అదే సరుకుతో తీరిగ్గా, అన్నీ అమర్చుకుని, పాట పాడుకుంటూ పండగలా తింటాడు. మంట కూడా అదే, మాంసమూ అదే.

ఇంత సాధన అయ్యాక కోల్ తన టోటెమ్ దుంగ (తన కథను బొమ్మలుగా చెక్కుకునే దుంగ) మీద బొమ్మలు చెక్కుతూ ఉండగా, పీటర్ ఆత్మహత్యకు ప్రయత్నించాడని కబురు వస్తుంది. ఇక్కడ రచయిత తలుపు మూసెయ్యొచ్చు: కోల్ బాగుపడ్డాడు, పీటర్ విషయం విచారకరం, సమాప్తం. అలా మూస్తే ఈ నవల ఒక ఆరోగ్య శిబిరం కథ అయ్యేది. కోల్ ఆలోచించేది వేరు. తను ద్వీపంలో చలినీళ్లలో మునిగి ప్రశాంతంగా ఉన్నాడు, తన వల్ల నడక తప్పిన పిల్లవాడు ఊళ్లో చావాలనుకుంటున్నాడు. తన మార్పు వల్ల ఎవరికి ఏం ఒరిగింది? పీటర్‌ని ఇక్కడికే తీసుకురమ్మని కోల్ అడుగుతాడు.

తల్లిదండ్రులతో పీటర్ వస్తాడు. భయపడుతూ వస్తాడు. కోల్ మంచివాడయ్యాడని ఎవరో చెప్పినంత మాత్రాన నమ్మడు, నమ్మక్కరలేదు కూడా. క్రమంగా ధైర్యం వచ్చాక ఆ ధైర్యం కోపంగా బయటపడుతుంది: కోల్ చెక్కిన బొమ్మ పాడుచేస్తాడు, ఒకరోజు మీదపడి కొడతాడు. కోల్ చెయ్యి ఎత్తడు. ఒళ్లు విరిగి పడి ఉన్నప్పుడు కొట్టకపోవడం మంచితనం కాదు, చేతకాకపోవడం. ఇప్పుడు కోల్ బలంగా ఉన్నాడు. ఒక్క గుద్దుతో ఆపగలడు. ఆపడు. పైచేయి కోసమే బతికిన కుర్రాడు తన చేతిలో ఉన్న పైచేయిని వాడకుండా నిలబడ్డాడు. పీటర్ కొట్టీ కొట్టీ ఏడుస్తాడు. తెల్ల ఎలుగు ఇద్దరికీ కలిసి కనిపించేది ఆ తర్వాతే, అంతకు ముందు కాదు. నా దృష్టిలో కోల్ మాథ్యూస్ మారింది ఈ కొట్లాటలో.

ఇప్పుడు ఆ వలయం సంగతి. మన ఊళ్లలో పెద్దమనుషుల తగువు ఉంది కదా, అదే కదా ఇది అంటారు కొందరు. పూర్తిగా కాదు. తగువులో సాధారణంగా తండ్రులు మాట్లాడతారు, ‘తప్పు’ కింద ఇంత అని కడతారు, ఇద్దరి చేతా ఇంకోసారి గొడవపడబోమని అనిపిస్తారు. దెబ్బతిన్న పిల్లవాడు అరుగు చివర నిలబడి ఉంటాడు, వాడిని ఎవరూ అడగరు. నవల్లోని వలయం బాధితుణ్ణి మధ్యకి తెస్తుంది, కనీసం తేవాలని చూస్తుంది. ఈ పద్ధతి కల్పన కాదు. కెనడాలోని యూకాన్‌లో న్యాయమూర్తి బారీ స్టూవర్ట్ 1992లో ఒక కేసులో కోర్టు కుర్చీలు వలయంగా వేయించి, ఊరివాళ్లని కూర్చోబెట్టి శిక్ష చర్చించాక దీనికి బాగా ప్రచారం వచ్చింది.

ద్వీపానికి వెలి వెయ్యడం కూడా జరిగిన పనే. పిజ్జా తెచ్చిన మనిషిని కొట్టి దోచుకున్న ఇద్దరు ట్లింగిట్ కుర్రాళ్లని 1994లో అలాస్కాలో వేర్వేరు ద్వీపాలకు పంపారు. నవల్లోలా అది సాఫీగా ముగియలేదు. వాళ్లు ఒంటరిగా ఉండడమే లేదని విమర్శలు వచ్చాయి, చివరికి వాషింగ్టన్ రాష్ట్ర కోర్టు వెనక్కి పిలిపించి జైలుశిక్ష వేసింది. కాబట్టి ఈ పుస్తకం చదివి, చెడ్డ పిల్లల్ని అడవికి పంపితే బాగుపడతారని ఎవరైనా అంటే నమ్మకండి. ఊరికే అడవికి పంపినప్పుడు కోల్ చేసింది గుడిసె తగలబెట్టడం.

మన దగ్గరైతే ఏం జరిగేది? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పదహారేళ్లు నిండని పిల్లవాణ్ణి ఎంత నేరమైనా పెద్దల కోర్టుకి పంపకూడదు. బోర్డు మందలించొచ్చు, కౌన్సెలింగ్ ఇప్పించొచ్చు, సమాజసేవ చేయించొచ్చు, మూడేళ్లకు మించకుండా ప్రత్యేక గృహంలో ఉంచొచ్చు. చట్టం మంచిదే. దెబ్బతిన్న పిల్లవాడు, కొట్టిన పిల్లవాడు ఎదురెదురుగా కూర్చునే ఏర్పాటు మాత్రం ఆ జాబితాలో లేదు. నవలలో మార్పు పూర్తయ్యేది ఆ ఎదురుబొదురులోనే.

పుస్తకం మీద ఫిర్యాదులూ ఉన్నాయి, కొన్ని సమంజసమైనవి. ట్లింగిట్ సంస్కృతిని రచయిత తనకి కావలసినట్టు కత్తిరించుకున్నాడు. ఆ తెగలో ‘అటూవ్’ వంశమంతటికీ చెందిన పవిత్రమైన ఆస్తి. నవల్లో గార్వీ దాన్ని ఒక దుప్పటి రూపంలో బయటి కుర్రాడి చేతిలో పెట్టేస్తాడు. జ్ఞానం చెప్పే పెద్దలుగా గిరిజనులు, బాగుపడే పాత్రగా తెల్లపిల్లవాడు అన్న అచ్చు కూడా పాతదే. సీతంపేట కొండల్లోని సవర, జాతాపు పెద్దల గురించి మైదానం వాళ్లు రాసినప్పుడు మనమూ ఇదే చేస్తాం, అందుకని ఈ లోపం మనకి వెంటనే కనబడదు. నాకు ఇంతకంటే ఇబ్బంది పీటర్ విషయంలో. చావాలనుకున్న పిల్లవాణ్ణి, తనని చావగొట్టినవాడి దగ్గరికి, అంత దూరం పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవడం నవల్లో నమ్మేలా రాలేదు. పీటర్ కోలుకోవడం కోల్ కథకి ముగింపుగా వాడుకున్నట్టు ఉంటుంది. పీటర్ వైపు నుంచి ఒక్క అధ్యాయమైనా రాసి ఉంటే ఇది ఇంకా పెద్ద నవల అయ్యేది. తడబడే మాటతో స్కూల్లో అతను గడిపిన రోజులు మనకి కబురుగానే తెలుస్తాయి.

దీనికి కొనసాగింపు 2008లో వచ్చింది. అందులో ఇద్దరూ మినియాపొలిస్‌కి, గొడవలతో నిండిన స్కూలుకి తిరిగి వెళతారు. మొదటి పుస్తకం అంత పట్టు దానికి లేదు, బోధ ఎక్కువైంది. అయినా క్లాసులో మొదటిది అయ్యాక రెండోదీ చదివిస్తాను. మడుగూ గుట్టా ఎడ్విన్ ఎవరూ లేని చోట, వరండాలో ఒకడు భుజం తగిలించి నవ్వినప్పుడు కోల్ ఏం చేస్తాడన్నదాని మీద మా పిల్లల పందేలు అప్పటికే మొదలై ఉంటాయి.